క్యాంపర్ వ్యాన్‌లో వంట గ్యాస్: ఎంత తీసుకెళ్లాలి, ఎక్కడ పెట్టాలి, ఎలా వాడాలి

హైదరాబాద్ నుంచి అనంతగిరి కొండల్లో ఒక్క రాత్రికి వెళ్లినా, హంపి మీదుగా గోకర్ణం దాకా పదిహేను రోజులు తిరిగినా, వ్యాన్‌లో వంట చేసుకునేవాళ్ల దగ్గర ఎప్పుడూ రెండు జవాబులు సిద్ధంగా ఉండాలి. బండలో ఇంకా ఎన్ని గ్రాముల గ్యాస్ ఉంది? లీకైతే ఆ గ్యాస్ ఎటు పోతుంది? మొదటిదానికి ఒక తూకం కాటా చాలు. రెండోదానికి మాత్రం వ్యాన్ కట్టించేటప్పుడే దారి పెట్టుకోవాలి.

ఏ బండ

ఇంట్లో ఉన్న 14.2 కిలోల బండను ఎత్తి వ్యాన్‌లో పెట్టుకోవాలనిపిస్తుంది. వద్దు. అది మీ ఇంటి చిరునామా మీద, ఇంటి వంట కోసం ఇచ్చిన కనెక్షన్. పైగా నిండు బండ దాదాపు 30 కిలోలు తూగుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో దాన్ని కదలకుండా పట్టి ఉంచడం కష్టం, దారిలో ఖాళీ అయితే వేరే ఊరి ఏజెన్సీ మార్చి ఇవ్వదు.

వ్యాన్‌కు సరిపోయేది కనెక్షన్ అవసరం లేని 5 కిలోల చిన్న బండ. ఇండేన్‌లో దాని పేరు ఛోటు, హెచ్‌పీలో అప్పు, భారత్ గ్యాస్‌లో మినీ. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, చిరునామా రుజువు అడగరు. గ్యాస్ ఏజెన్సీల్లో, ఆయా కంపెనీల పెట్రోల్ బంకుల్లో కొన్నింటిలో దొరుకుతుంది. మొదటిసారి బండకూ గ్యాస్‌కూ కలిపి కట్టాలి, ఆ తర్వాత ఖాళీ బండ ఇచ్చి నిండుది తెచ్చుకోవడమే. ఇంటి గ్యాస్ మీద జీఎస్‌టీ 5 శాతమైతే దీని మీద 18 శాతం. కిలో లెక్కన చూస్తే ఇంటి గ్యాస్ కంటే ఖరీదే, కానీ ఏ ఊళ్లోనైనా అదే కంపెనీ దుకాణంలో మార్చుకోవచ్చు. వ్యాన్‌కు కావాల్సింది ఆ సౌకర్యమే. కంపెనీ ఎంచుకునే ముందు మీరు తరచూ వెళ్లే దారిలో ఎవరి బంకులు ఎక్కువో చూసుకోండి, ఎందుకంటే ఒక కంపెనీ బండను ఇంకో కంపెనీ తీసుకోదు.

ఫైబర్ బండ కూడా ఉంది. ఇండేన్ దీన్ని 5, 10 కిలోల సైజుల్లో ఇస్తోంది. ఇనుప బండ బరువులో సగం ఉంటుంది, తుప్పు పట్టదు, వెనకనుంచి టార్చి వేస్తే లోపల గ్యాస్ ఎక్కడిదాకా ఉందో కనిపిస్తుంది. మీ ప్రాంతంలో దొరికితే దానికే మా ఓటు.

220 గ్రాముల బ్యూటేన్ డబ్బాతో నడిచే బ్రీఫ్‌కేస్ స్టవ్ ఒకటి అదనంగా ఉంచుకోండి. పెద్ద మంట మీద ఒక్కో డబ్బా గంటన్నర వస్తుంది. టీకి, బండ ఖాళీ అయిన రాత్రికి పనికొస్తుంది. ఇంటి బండ నుంచి ఆ డబ్బాలోకి గ్యాస్ ఎక్కించే అడాప్టర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. వాటి జోలికి పోవద్దు. మన వంట గ్యాస్‌లో బ్యూటేన్‌తో పాటు ప్రొపేన్ కూడా ఉంటుంది, దాని ఒత్తిడి చాలా ఎక్కువ. ఒట్టి బ్యూటేన్ కోసం చేసిన పల్చటి రేకు డబ్బా ఎండలో ఆ ఒత్తిడికి ఆగదు. గల్లీల్లో పెద్ద బండ నుంచి చిన్న బండలోకి గ్యాస్ నింపే దుకాణాలకూ ఇదే మాట. అది చట్టవిరుద్ధం. పైగా అక్కడ తూకం చూడకుండా నింపుతారు. బండలో ద్రవం వ్యాకోచించడానికి పైన ఖాళీ ఉండాలి. మెడ దాకా నింపిన బండను మే నెల ఎండలో వ్యాన్‌లో పెట్టి తిప్పితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

రోజుకు ఎన్ని గ్రాములు

రెండు బర్నర్ల స్టవ్‌లో పెద్ద బర్నర్ పూర్తి మంట మీద గంటకు సుమారు 200 గ్రాములు, చిన్నది సుమారు 100 గ్రాములు లాగుతుంది. గాలి లేని చోట, మూత పెట్టి లీటరు నీళ్లు మరిగించడానికి 10 గ్రాములు చాలు. అదే పని చెరువు గట్టున గాలికి చేస్తే 20 దాటినా ఆశ్చర్యం లేదు.

నలుగురికి ఒక రోజు లెక్క ఇలా వేసుకోండి. రెండు పూటల టీ 40 గ్రాములు. పొద్దున ఉప్మానో దోసెలో 60. మధ్యాహ్నం కుక్కర్‌లో అన్నం 40, పప్పు 45, ఒక కూర 50. రాత్రి చపాతీలు, కూర కలిపి 100. మొత్తం 335 గ్రాములు. 5 కిలోల బండలో చివరి అర కిలోను లెక్కలోంచి తీసేయండి, ఎందుకంటే అప్పటికి మంట బలహీనపడుతుంది, ఖాళీ కూడా చెప్పకుండా అవుతుంది. మిగిలిన నాలుగున్నర కిలోలు 13 రోజులు వస్తాయి. ఇద్దరే అయితే రోజుకు 200 గ్రాములు వేసుకోండి, మూడు వారాలు గడుస్తుంది.

ఈ లెక్కను తలకిందులు చేసేది స్నానం నీళ్లు. పది లీటర్ల నీళ్లు వేడి చేయడానికి దాదాపు 50 గ్రాములు. నలుగురు స్నానం చేస్తే 200 గ్రాములు, అంటే రోజంతా వండిన వంటలో సగానికి మించి. నల్ల రంగు క్యాన్‌లో నీళ్లు నింపి పొద్దుటి నుంచి వ్యాన్ పక్కన ఎండలో పెట్టండి, సాయంత్రానికి స్నానానికి సరిపడా కాగుతాయి. తెలంగాణ ఎండ ఉచితంగా చేసే పనికి గ్యాస్ తగలేయడం ఎందుకు?

వంటలో పొదుపు కుక్కర్ దగ్గరే మొదలవుతుంది. కందిపప్పు అరగంట, బియ్యం ఇరవై నిమిషాలు నానబెట్టండి. ఒకే 5 లీటర్ల కుక్కర్‌లో కింద పప్పు, పై గిన్నెలో అన్నం, ఆ పైన బంగాళాదుంపలు పెట్టి ఒక్క విడతలో దించితే పైన వేసిన 335లో 60 దాకా మిగులుతుంది. విజిల్ రాగానే మంట తగ్గించండి. రెండో విజిల్ కోసం పెద్ద మంట పెట్టినా పప్పు ముందుగా ఉడకదు, ఆవిరి బయటికి పోవడం తప్ప. పొద్దున ఒకేసారి రెండు లీటర్ల నీళ్లు కాచి మంచి ఫ్లాస్క్‌లో పోస్తే సాయంత్రం టీకి మళ్లీ చల్లటి నీళ్లతో మొదలుపెట్టక్కర్లేదు. హైవే మీద ఇడ్లీ బండి కనిపిస్తే తినేయండి, ఆ పూట గ్యాస్ మిగిలినట్టే.

మిగిలింది ఎంత

బండను ఊపి చూడటం, తట్టి చూడటం, మంట రంగు చూసి చెప్పడం, ఇవేవీ నమ్మదగ్గవి కావు. సామాన్లు తూచే వేలాడే డిజిటల్ కాటా కొనండి, 40 లేదా 50 కిలోల వరకు తూగేది. బండ పైన చేతిపిడి దగ్గర ఖాళీ బరువు కిలోల్లో రాసి ఉంటుంది. కాటా చూపిన అంకె నుంచి అది తీసేస్తే మిగిలిందంతా గ్యాస్. ఉదాహరణకు ఖాళీ బరువు 7.9 అని ఉండి, కాటా 10.4 చూపిస్తే లోపల రెండున్నర కిలోలు ఉన్నట్టు. తూచే ముందు రెగ్యులేటర్ తీసేయండి, లేకపోతే దాని బరువు, పైపు లాగే బరువు కలిసి లెక్క తప్పుతుంది.

కొన్న రోజునే, దుకాణం ముందే, సీల్ విప్పకముందే ఒకసారి తూచండి. తక్కువ ఉంటే అక్కడే అడగవచ్చు. తర్వాత రెండు రోజులకోసారి తూచి, బండ పెట్టే లాకర్ తలుపు లోపలివైపు మార్కర్‌తో తేదీ, బరువు రాయండి. రెండు ట్రిప్పులు తిరిగేసరికి మీ ఇంటివాళ్లు రోజుకు ఎన్ని గ్రాములు వాడతారో కచ్చితంగా తేలుతుంది, మేము పైన వేసిన లెక్కతో పని ఉండదు.

కాటా లేని చోట, బండ మీద ఒక పక్కగా పైనుంచి కిందికి గోరువెచ్చని నీళ్లు పోసి, అరచేత్తో తడిమి చూడండి. ద్రవం ఉన్నంత మేర చల్లగా, పైన వెచ్చగా తగులుతుంది. ఉజ్జాయింపు తెలుస్తుంది, అంతే.

కొనే చోట చూసుకోవాల్సినవి

చేతిపిడిని బండకు కలిపే మూడు పట్టీల్లో ఒకదాని లోపలివైపు ఒక ఇంగ్లిష్ అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ అంటే జులై నుంచి సెప్టెంబర్, డీ అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. అంకెలు సంవత్సరం. బీ-29 అని ఉంటే 2029 జూన్ లోపు ఆ బండకు మళ్లీ పరీక్ష జరగాలి. గడువు దాటిన బండ ఇస్తే తీసుకోవద్దు.

సీల్ తీయించి, టార్చి వేసి వాల్వ్ లోపల నల్లటి రబ్బరు వాషర్ ఉందో లేదో చూడండి. రెగ్యులేటర్ బాగానే కూర్చున్నా గ్యాస్ వాసన వస్తుందంటే చాలాసార్లు కారణం ఆ వాషరే. ఊడిపోయి ఉంటుంది, చిట్లి ఉంటుంది, లేదా గట్టిపడి ఉంటుంది. వాల్వ్ మీద రెండు చుక్కల నీళ్లు వేయండి, బుడగలు రాకూడదు. మీ రెగ్యులేటర్ వెంట తీసుకెళ్లి అక్కడే బిగించి చూసుకోండి. దారానికి వేలాడే ప్లాస్టిక్ సేఫ్టీ క్యాప్ లేకపోతే అడిగి తీసుకోండి. రవాణాలో ఆ క్యాప్‌తో చాలా పని ఉంటుంది. అడుగు రింగు వంగి ఉన్న బండ కూడా వద్దు, లాకర్‌లో నిటారుగా నిలబడదు.

బండ ఎక్కడ పెట్టాలి

వంట గ్యాస్ గాలి కంటే సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నీళ్లలా కిందికి జారి నేల మీద పరుచుకుంటుంది. గాలిలో రెండు శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. నాలుగు మీటర్ల పొడవున్న వ్యాన్ లోపల దాదాపు 12 ఘనమీటర్ల చోటు ఉంటుంది. గ్యాస్ నేలకే అంటుకుని ఉంటుంది కాబట్టి మోకాలి ఎత్తు దాకా మాత్రమే చూసుకుంటే, ప్రమాద స్థాయికి రావడానికి 130 గ్రాములు చాలు. వెలగని పెద్ద బర్నర్ 40 నిమిషాలు తెరిచి ఉంటే అంత గ్యాస్ వచ్చేస్తుంది. ఆ నేల మీదే ఫ్రిజ్ కంప్రెసర్ ఉంటుంది, బ్యాటరీ ఉంటుంది. ఫ్రిజ్ ఎవరూ ముట్టుకోకుండానే ఆన్ అవుతుంది.

అందుకే బండకు పడుకునే చోటుతో సంబంధం లేని విడి లాకర్ కావాలి. ఆటోనగర్‌లో బాడీ కట్టే వాళ్లకు చెప్పేటప్పుడు ఈ కొలతలు చెప్పండి. లాకర్ తలుపు వ్యాన్ బయటికి తెరుచుకోవాలి, లోపలికి కాదు. లోపలివైపు గోడలకు, మూలలకు సందు లేకుండా సీలెంట్ పట్టించాలి. అడుగున కనీసం 10 సెంటీమీటర్లకు 10 సెంటీమీటర్ల రంధ్రం నేరుగా రోడ్డు వైపుకు ఉండాలి, దానికి తీగ జాలీ. లాకర్ అడుగు పెద్దదైతే రంధ్రం దాని వైశాల్యంలో రెండు శాతానికి తగ్గకూడదు. ఆ రంధ్రం సైలెన్సర్ పైపు దగ్గర పడకుండా చూడండి. చాలామంది మెకానిక్‌లు దుమ్ము వస్తుందని ఈ రంధ్రాన్ని మూసేస్తారు, లేదా ఫోమ్ ముక్క పెడతారు. వ్యాన్ డెలివరీ తీసుకునే రోజు వంగి చూసుకోండి. ఒక మగ్గు నీళ్లు లాకర్‌లో పోస్తే కిందికి కారిపోవాలి. నీళ్లు పోయే దారినే గ్యాసూ పోతుంది.

బండ ఎప్పుడూ నిటారుగానే ఉండాలి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వచ్చి, బర్నర్ దగ్గర మంట ఒక్కసారిగా మనిషంత లేస్తుంది. నడుము దగ్గర ఒకటి, భుజం దగ్గర ఒకటి, రెండు రాచెట్ బెల్టులతో బాడీకి బిగించండి. చేతిపిడికి తాడు కట్టడం లెక్కలోకి రాదు. టాప్ క్యారియర్ మీద, వెనక బంపర్‌కు, డ్రైవర్ సీటు కింద, బ్యాటరీ పక్కన బండ పెట్టవద్దు.

గ్యాస్ లైనుతో సహా వ్యాన్‌ను మార్పించాలంటే ఆర్‌సీలో ఆ మార్పు ఎక్కించుకోవాలి. మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్-124 అని ఒక ప్రమాణం ఉంది, కట్టేవాళ్లకు అది తెలుసో లేదో ముందే కనుక్కోండి. ఏడాదికి నాలుగైదు ట్రిప్పులే వెళ్లేవాళ్లకు ఇంత హంగు అక్కర్లేదన్నది మా అభిప్రాయం. బండకు విడి లాకర్ కట్టించుకుని, వంట మాత్రం బయట మడత బల్ల మీద చేసుకోండి. ఖర్చూ తగ్గుతుంది, పోపు ఘాటు పరుపులకు పట్టదు.

రెగ్యులేటర్, పైపు, స్టవ్

ఇంట్లో వాడే మామూలు రెగ్యులేటరే వాడాలి. అది చదరపు సెంటీమీటరుకు 30 గ్రాముల ఒత్తిడి ఇస్తుంది, అంటే దాదాపు 30 మిల్లీబార్, మన స్టవ్‌లు దానికే తయారయ్యాయి. హోటల్ భట్టీలకు వాడే, మర తిప్పి మంట పెంచే రెగ్యులేటర్ వ్యాన్‌లోకి తేవద్దు. బయటి దేశం నుంచి వచ్చిన క్యాంపింగ్ స్టవ్ మీద 30 మిల్లీబార్ అని రాసి ఉంటే మన రెగ్యులేటర్‌కు సరిపోతుంది. 50 మిల్లీబార్ అయితే మంట నీరసంగా వస్తుంది.

నగరంలో పైపు గ్యాస్ వచ్చిన ఇళ్లవాళ్లకు ఒక మాట. భాగ్యనగర్ గ్యాస్ కనెక్షన్‌కు మార్చిన స్టవ్‌ను వ్యాన్‌కు తీసుకుపోవద్దు. పైపు గ్యాస్‌కు జెట్ రంధ్రాలు పెద్దవి చేస్తారు. దానికి బండ గ్యాస్ ఇస్తే మంట పసుపుపచ్చగా ఎగిసి గిన్నెలు మసిబారతాయి, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది.

పైపు ఐఎస్ఐ గుర్తున్న, లోపల ఉక్కు తీగ అల్లిక ఉన్న నారింజ రంగు సురక్ష పైపు. మీటరున్నరకు మించకూడదు. దాని మీద ముద్రించిన తేదీ నుంచి ఐదేళ్లకు మార్చాలి. వ్యాన్‌లో అదురుకు, ఎండకు ముందే పగుళ్లు వస్తే ఐదేళ్లు ఆగక్కర్లేదు, వంచి చూసి చీలిక కనిపిస్తే మార్చేయండి. రబ్బరు పైపును గోడలోంచి, అల్మారా వెనకనుంచి దాచి పోనివ్వవద్దు. లాకర్ నుంచి స్టవ్ దూరమైతే మధ్యలో 8 మిల్లీమీటర్ల రాగి పైపు వేయించి, అరమీటరుకో క్లిప్పు, రేకులోంచి దూరే చోట రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు రింగు, అంటే గ్రోమెట్ పెట్టించండి. గ్రోమెట్ లేకపోతే రేకు అంచు అదురుకు రాగిని రంపంలా కోస్తుంది. రాగి పైపు, ఫిట్టింగులు రాణిగంజ్‌లో, స్టవ్‌లు బేగంబజార్‌లో, 12 వోల్టుల గ్యాస్ అలారం కోఠి గుజరాతీ గల్లీలో వెతకండి.

స్టవ్‌కు గాజు పైభాగం వద్దు, స్టీలుదే కొనండి. మంట ఆరిపోతే గ్యాస్ తనంతట ఆగిపోయే ఏర్పాటు ఉన్న స్టవ్ అయితే ఇంకా మంచిది. గాలికి మంట ఆరడం వ్యాన్‌లో రోజూ జరిగేదే. పప్పు పొంగి ఆరిపోవడం సరేసరి.

బండ మార్చడం, లీక్ చూడటం

వ్యాన్ ఇంజిన్ ఆపి, చుట్టుపక్కల దీపం, అగరుబత్తి, సిగరెట్ లేవని చూసుకుని మొదలుపెట్టండి.

1. స్టవ్ నాబ్‌లు, రెగ్యులేటర్ స్విచ్ రెండూ ఆఫ్ చేయండి.
2. పాత బండ నుంచి రెగ్యులేటర్ తీసి, వెంటనే ఆ బండకు సేఫ్టీ క్యాప్ బిగించండి. ఖాళీ అనుకున్న బండలోనూ కొంత గ్యాస్ ఉంటుంది.
3. కొత్త బండను లాకర్‌లో నిలబెట్టి ముందు బెల్టులు బిగించండి. రెగ్యులేటర్ ఆ తర్వాతే.
4. క్యాప్ తీసి వాషర్ చూడండి, దుమ్ముంటే పొడి గుడ్డతో తుడవండి.
5. రెగ్యులేటర్ స్విచ్ ఆఫ్‌లోనే ఉంచి, కింది ప్లాస్టిక్ అంచును పైకి పట్టుకుని వాల్వ్ మీద నిటారుగా పెట్టి, కొంచెం అటూ ఇటూ తిప్పుతూ నొక్కండి. అంచు వదిలితే టక్‌మని కూర్చుంటుంది. పైకి లాగితే రాకూడదు.
6. స్విచ్ ఆన్ చేసి ప్రతి అతుకు మీద సబ్బు నురుగు పూయండి. బుడగ ఉబ్బితే లీకున్నట్టు. అగ్గిపుల్లతో వెతకవద్దు.

సబ్బు చేరని అతుకుల కోసం ఇంకో పరీక్ష ఉంది. స్టవ్ నాబ్‌లు మూసి, రెగ్యులేటర్ ఒక నిమిషం ఆన్ చేసి మళ్లీ ఆఫ్ చేయండి. పది నిమిషాలు ఆగండి. ఇప్పుడు లైటర్ వెలిగిస్తూ ఒక నాబ్ తిప్పితే, పైపులో చిక్కుకున్న గ్యాస్ రెండు మూడు సెకన్లు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగలేదంటే ఆ పది నిమిషాల్లో గ్యాస్ ఎక్కడినుంచో కారిపోయింది. గతుకుల రోడ్డు మీద రోజంతా ప్రయాణం చేశాక, వంటకు ముందు ఈ పరీక్ష తప్పనిసరి.

బండి కదిలే ముందు ప్రతిసారీ రెగ్యులేటర్ ఆఫ్. మట్టిరోడ్డో ఘాట్ రోడ్డో అయితే రెగ్యులేటర్ తీసేసి క్యాప్ పెట్టేయండి, అర నిమిషం పని.

లోపల వండేటప్పుడు

వాన పడితే లోపలే వండక తప్పదు. లీటరు గ్యాస్ కాలడానికి పాతిక లీటర్లకు పైగా గాలి కావాలి. ఎదురెదురుగా రెండు కిటికీలు, లేదా ఒక కిటికీ, పైకప్పు వెంట్ తెరిచి ఉంచండి. దోమలని మొత్తం బిగించి వండితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి, అలసట అనుకుని పడుకుంటారు. చలికి స్టవ్ వెలిగించి నిద్రపోవడం ఏ పరిస్థితిలోనూ వద్దు.

అలారాలు రెండు కావాలి, రెండూ ఒకే చోట కాదు. గ్యాస్ అలారం నేలకు జానెడు ఎత్తులో. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో. గ్యాస్ అలారాన్ని స్టవ్ పైన బిగించిన వ్యాన్లు చాలా ఉన్నాయి. అక్కడ అది తాలింపు పొగకు మోగుతుంది, లీకుకు మోగదు. చివరికి విసుగొచ్చి వైరు పీకేస్తారు.

కిలో గ్యాస్ కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి వస్తుంది. రోజంతా లోపలే వండితే అర లీటరు నీళ్లు గోడలకు, అద్దాలకు పట్టినట్టే. పరుపు కింద చెమ్మ వాసన వస్తుంటే వాననే అనుమానించకండి.

ఎండ, చలి

ఏప్రిల్, మే నెలల్లో ఎండలో మూసి పెట్టిన వ్యాన్ లోపలి వేడి 60 డిగ్రీలు దాటగలదు. లాకర్ ఉన్న పక్కను నీడవైపు ఉంచి పార్క్ చేయండి. లాకర్ తలుపు లోపల వెండి రంగు ఇన్సులేషన్ షీటు అంటించండి, కింది రంధ్రం మాత్రం వదిలేసి. చెట్టు నీడ దొరకని సాగర్ దారిలో ఆగినప్పుడు లాకర్ తలుపు కొంచెం తెరిచి ఉంచితే చాలు.

చలిలో సమస్య వేరు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం ఆగిపోతుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా అవుతుంది. డిసెంబర్, జనవరుల్లో లంబసింగి తెల్లవారుజామున బ్యూటేన్ డబ్బా స్టవ్ మొరాయిస్తుంది. బండ మాత్రం నెమ్మదిగానైనా పనిచేస్తుంది. ఇంకో సంగతి, గ్యాస్ ఆవిరి అవుతూ బండలోని వేడినే లాక్కుంటుంది. సగం ఖాళీ అయిన 5 కిలోల బండ మీద రెండు బర్నర్లు గంటసేపు పూర్తి మంటతో నడిపితే బండకు చెమట పట్టి, చలి ప్రాంతంలో మంచు కూడా పట్టి, మంట తగ్గిపోతుంది. గ్యాస్ అయిపోయిందనుకుని బండ మార్చేస్తారు. తూచి చూడండి. ఒక బర్నర్ ఆపి, బండను గోరువెచ్చని నీళ్ల టబ్బులో నిలబెట్టండి, నీళ్లలో చెయ్యి హాయిగా పెట్టగలిగేంత వెచ్చదనం చాలు. దుప్పటి కప్పడం వల్ల మేలు లేదు. బండకు తనలో వేడి లేదు, బయటి గాలి నుంచి రావాల్సిన వేడిని దుప్పటి అడ్డుకుంటుంది. మంటతో వేడి చేయడం గురించి చెప్పే పని లేదనుకుంటాం.

లేహ్ దాకా వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి. అక్కడ దాదాపు 3500 మీటర్ల ఎత్తు, నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి. విడి గిన్నెలో పప్పు ఎంతసేపు పెట్టినా పలుకే. కుక్కర్ లేకపోతే రోజుకు వేసుకున్న గ్రాముల లెక్క అక్కడ పనికిరాదు.

దారిలో

నిండు బండ ఒకటి, వాడుకలో ఉన్నది ఒకటి, వారం దాటిన ప్రయాణానికి ఇది సరైన పద్ధతి. వాడుకలో ఉన్నది ఖాళీ అయిన రోజే మార్చుకునే ప్రయత్నం మొదలుపెట్టండి, రెండోది సగం అయ్యేదాకా ఆగవద్దు. బంకుల్లో అన్నిచోట్లా స్టాకు ఉండదు కాబట్టి పట్టణం దాటేముందే ఫోన్ చేసి కనుక్కోండి. డీజిల్ కొట్టించుకునేటప్పుడు బంకులోకి తిరగకముందే రెగ్యులేటర్, స్టవ్ అన్నీ ఆఫ్ అయి ఉండాలి.

శ్రీశైలం దారిలో మన్ననూర్ నుంచి దోమలపెంట దాకా ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. మన్ననూర్ చెక్‌పోస్టును రాత్రిపూట మూసేస్తారు. ఆ అడవిలో రోడ్డు పక్కన ఆపి స్టవ్ వెలిగించవద్దు. ఎండాకాలం ఎండుటాకులకు ఒక్క నిప్పురవ్వ చాలు. వంట మన్ననూర్ ముందే ముగించండి, లేదా దోమలపెంట దాటాక మొదలుపెట్టండి.

బండను రైల్లో పార్సిల్ చేసి తెప్పించుకుందాం అనుకోవద్దు. రైల్లో గ్యాస్ బండ నిషేధం, జైలు శిక్ష దాకా ఉంది.

వాసన వస్తే

వ్యాన్ లోపల గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్‌నూ ముట్టుకోకండి. వేయడమే కాదు, ఆర్పడమూ వద్దు, రెండింటికీ రవ్వ వస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి బండిని పక్కకు తీయాలనిపిస్తుంది, అది ఇంకా ప్రమాదం. పిల్లలను, పెద్దవాళ్లను ముందు గాలి వచ్చే వైపుకు దూరంగా పంపండి. బయటినుంచి లాకర్ తెరిచి రెగ్యులేటర్ ఆఫ్ చేసి, తీసేసి, క్యాప్ బిగించండి. అన్ని తలుపులూ తెరవండి. గ్యాస్ నేల మీద ఉంటుంది కాబట్టి కిటికీలు సరిపోవు. చాపతోనో అట్టముక్కతోనో నేల మీది గాలిని తలుపు వైపుకు విసరండి. వాసన పూర్తిగా పోయాక ఇంకో అరగంట ఆగండి. క్యాప్ పెట్టినా బండ నుంచి శబ్దం వస్తుంటే ఆ బండను ఖాళీ జాగాలోకి తీసుకెళ్లి నిటారుగా పెట్టి, దూరం వెళ్లి 1906కు ఫోన్ చేయండి. గ్యాస్ లీకుల కోసం 24 గంటలూ పనిచేసే నంబరు అది. మంట లేస్తే 101 లేదా 112.

రెండు కిలోల పొడి రసాయన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ స్టవ్ పక్కన కాదు, దిగే తలుపు దగ్గర బిగించండి. మంట దాటి దాన్ని అందుకోవాల్సిన పరిస్థితి రాకూడదు.

తిరిగొచ్చాక

నగరంలో చాలా అపార్ట్‌మెంట్లకు పార్కింగ్ సెల్లార్‌లోనే. బండ ఉన్న వ్యాన్‌ను సెల్లార్‌లో వదిలి పైకి వెళ్లిపోకండి. రోడ్డు మీద లాకర్ రంధ్రంలోంచి గాలికి కొట్టుకుపోయే గ్యాస్, సెల్లార్‌లో పోయే దారిలేక గుంతలో నీళ్లలా నిలుస్తుంది. అక్కడ పదిహేను ఇళ్ల కార్లు, నీళ్ల మోటారు, లిఫ్ట్ గుంత ఉంటాయి. ర్యాంపు దిగకముందే బండలు దించి, ఒకసారి తూచి బరువు రాసుకుని, క్యాప్ బిగించి, ఎండ తగలని బాల్కనీలో నిటారుగా పెట్టండి. రెగ్యులేటర్ తీసి పొడి గుడ్డ సంచిలో వేసి ఇంట్లోకి తీసుకెళ్లండి, సెల్లార్‌లో ఎలుకలు పైపును వదలవు.